మూడు ఉయ్యాలలు, ఒక్క దండెం

మా పెద్దమ్మ మనవడికి కవలలు పుట్టారని కబురు వచ్చినప్పుడు అందరూ నోరారా రామలక్ష్మణులు అన్నారు. పెద్దమ్మ కూడా అదే మాట అన్నదట. అది విన్న పూట నాకు అన్నం దిగలేదు. ఎందుకంటే మా అమ్మకు కవలలు పుట్టినప్పుడు ఇదే పెద్దమ్మ, ఇదే నోటితో, వాకిట్లో నలుగురు వింటుండగా "కుక్క ఈనినట్టు ఈనింది" అన్నది. నేను గుమ్మంలో కూర్చొని చింతగింజలు ఆడుకుంటున్నాను. ఎగరేసిన గింజలు కింద పడిపోయాయి, ఏరుకోవడం కూడా మరిచిపోయాను. ఆ మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినబడుతుంది.

చూడడానికి వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ సుక్మా నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలంటే ఆ పెద్దమ్మ కూతురే. కవలల తండ్రి ఆమె కొడుకే.

"అక్కా, డైపర్లు పడతలేవే. ఇద్దరికీ తొడలు పచ్చి పుండ్లయినయ్. డాక్టర్ సాబ్ కొన్నాళ్ళు గుడ్డలే కట్టమన్నడు. కోడలికి కట్టుడు రాదు. నేను ఒక్కణ్ణి పెంచిన, ఇద్దర్ని పెంచుడు నాకేం తెలుసు. నువ్వే రావాలె."

"మీ అమ్మ ఉన్నది గద, అడుగు."

"అమ్మకు కళ్ళు ఆనవు. పిల్లలేం జేసిండ్రు అక్కా? రా."

పిల్లలు ఏమీ చేయలేదు. చెల్లెలు కూడా ఏమీ చేయలేదు. మా రెండిళ్ళనూ విడదీసిన గొడవ జరిగిన రోజు ఆమె ఉయ్యాల్లో ఉంది. అందుకని ఎర్రబోరు ఊళ్ళో సుక్మా బస్సెక్కాను.

వాళ్ళది మేడ మీద ఇల్లు. మెట్లెక్కుతుండగానే వాసన వచ్చింది. పాలు, పౌడరు, వాటి కింద నాకు తెలిసిన ఇంకో వాసన. స్నానాల గదిలో బకెట్ నిండా గుడ్డలు నానుతున్నాయి. నేను చెప్పులు విప్పకముందే అడిగాను.

"ఉచ్చవి, దొడ్డికివి ఒక్క బకెట్ల ఎవరేసిండ్రు?"

కోడలు తోంగ్‌పాల్ వైపు పిల్ల. తెలుగు వస్తుంది గానీ కంగారుపడితే హిందీలోకి జారిపోతుంది. "సబ్ ఏక్ సాథ్ మెషీన్‌ల వేస్తే అయిపోతది కదా, పెద్దత్తమ్మా," అన్నది. పాపం, దాని జుట్టు దువ్వక ఎన్నాళ్ళైందో.

మూలన మంచం మీద పెద్దమ్మ కూర్చొని ఉంది. వంకర తిరిగిన కుడి మణికట్టు ఒళ్ళో పెట్టుకొని ఉంది. నేను ఆమెను చూడలేదు. ఎదురుగా ఉన్న ఆ మనిషిని చూడకుండా ఉండడం నాకు బాగా అలవాటు. మా రెండిళ్ళ మధ్య గోడ లేచినప్పటి నుంచి అదే పని చేస్తున్నాను. బకెట్ ముందుకు లాక్కొని చేతులు ముంచాను. ఆ వాసన గుప్పున ముఖానికి కొట్టింది.

అప్పట్లో మాది ఉమ్మడి ఇల్లు. నాయనమ్మ, పెద్దనాయన, పెద్దమ్మ, అమ్మ, నాయన, నేను. కోతలయ్యాక పెద్దవాళ్ళంతా రాష్ట్రం బోర్డర్ దాటి మిరప తోటలకు కూలికి పోయేవారు. కూలి కింద కొంత మిరపకాయే తెచ్చుకునేవారు. పంచల్లో మూటలు కట్టి నెత్తి మీద మోసుకొచ్చేవారు. వాళ్ళు ఊళ్ళోకి వచ్చినట్టు మాకు తుమ్ముల వల్లే తెలిసేది. ఆ మూటలు అటక మీద పెట్టాక మళ్ళీ ఎండలు వచ్చేదాకా ఇల్లంతా ఆ ఘాటే. అన్నంలో, జావలో, దుప్పట్లో, తల్లో పెట్టుకున్న పువ్వులో కూడా అదే. కొన్నాళ్ళకు మా ముక్కులకు అది తెలియడం మానేసేది. బయటి నుంచి వచ్చిన చుట్టాలు దగ్గుతుంటే మేం నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా పెద్దమ్మకు పాప పుట్టింది. పెళ్ళైన చాలా ఏళ్ళకు, ఎన్నో మొక్కుల తర్వాత పుట్టిన పిల్ల. ఆ పురుటి రోజుల్లో ఇంట్లో ఆమె చెప్పిందే చెల్లింది. అవి పూర్తికాకముందే అమ్మకు ఒకేసారి ఇద్దరు పుట్టారు, తమ్ముడూ చిన్నదీ. చూడవచ్చిన ఆడవాళ్ళంతా పెద్దమ్మ ఉయ్యాల దాటుకొని అమ్మ మంచం చుట్టూ చేరారు. కుక్క మాట వచ్చింది అప్పుడే. ఆమెకు అలా అనిపించి ఉండవచ్చు, అర్థం చేసుకోగలను. అర్థమైనంత మాత్రాన మాట చెరిగిపోదు.

ఒకే దూలానికి మూడు ఉయ్యాలలు కట్టారు. నన్ను బడి మానిపించారు. మూడు తాళ్ళు కలిపి నా కాలి బొటనవేలికి కట్టుకొని ఊపుతూ కూర్చునేదాన్ని. ముగ్గురి గుడ్డలూ నేనే ఉతకాలి. పెద్దమ్మ కూతురివి కూడా.

పని నేర్పింది నాయనమ్మ. ఆవిడ చుట్ట కాలుస్తూ చెప్పేది, తప్పు చేస్తే అదే చుట్టతో చెయ్యి మీద చురక పెట్టేది.

"ఒకడు ఉచ్చపోసిండంటే రెండోదాన్ని గూడ చూడవే. అది ఏడ్చేదాక ఆగితే ఇద్దరు లేస్తరు. నిద్రల ఉన్నదాన్ని ముందు మార్చు, లేచినోణ్ణి తర్వాత."

"అవ్వా, ఏ గుడ్డ ఎవలదో ఎట్ల తెలుస్తది?"

"వాడికి నల్ల దారం కుట్టు, దానికి తెల్ల దారం. ఒకరికి అంటుకున్నది ఇంకొకరికి అంటొద్దు. కొత్త బట్ట పెట్టకు, ఒరుస్తది. పాతదే మెత్తగుంటది. తుడుసుడు కాదు, నీళ్ళతో కడుగు, ఆరినంక ఇప్పనూనె రాయి. కాసేపు బట్ట లేకుండ పండబెట్టు, గాలి తగలనీ."

దొడ్డికి గుడ్డలను ముందు ఆకుతో గీకి, పారే నీళ్ళలో జాడించి, ఆ తర్వాతే బూడిద నీళ్ళలో నానబెట్టాలి. ఉచ్చగుడ్డల కుండ వేరు. నానినవాటిని కాగే నీళ్ళలో ఉడికించి, మళ్ళీ వాగుకు తీసుకుపోయి కట్టెతో బాది జాడించాలి. వాగులో మోకాళ్ళ లోతున నిలబడి, వాన వీపు మీద కొడుతుంటే ఉతికేదాన్ని. గీకిన ఆకులను పడవల్లా నీళ్ళ మీద వదిలేదాన్ని. కింది మలుపులో పెద్దమ్మ స్నానం చేస్తున్న పూటలు చూసుకొని మరీ వదిలేదాన్ని. ఆమె కేకలు విని బండ వెనక కూర్చొని నవ్వుకునేదాన్ని. ఆ ముసురులో నాకు దొరికిన సంతోషం అదొక్కటే.

ఉతకడం కష్టం కాదు, ఆరబెట్టడమే కష్టం. వాన తెరిపివ్వదు. ఇంట్లో పొయ్యి ఒక్కటే. పొయ్యి మీద వెదురు దండెం ఒక్కటే. పెద్దకోడలు కాబట్టి నిప్పుల మీదికి వచ్చే నడిమి చోటు పెద్దమ్మది. మావి రెండు కొసల్లో, ఒకటి పొగలో, ఒకటి చూరు కారే చోట. ఒక పిల్లకు నడిమి చోటు, ఇద్దరు పిల్లలకు కొసలు. ఆమె గుడ్డలు కొంచెం పక్కకు జరిపితే చెంప పగిలేది. ఒకసారి నా జుట్టు పట్టుకొని తలను గుంజకేసి కొట్టింది. కనుబొమ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. చెల్లెలికి చాలాసార్లు చూపించాను.

అమ్మ ఊరుకునేది కాదు. కింద పడేసిన మా గుడ్డలను తిరిగి దండెం మీద వేసేది, ఆమెవి తీసి పొయ్యి పక్కన విసిరేది. ఇద్దరూ పచ్చి బాలింతలు. గోళ్ళతో రక్కుకునేవారు. ఒకరి రవికె ఒకరు చింపుకున్న రోజులున్నాయి. సాయంత్రం ఇప్పసారా తాగి వచ్చిన మగవాళ్ళు ఎవరి పెళ్ళాన్ని వాళ్ళు కొట్టేవారు, అదే తీర్పు అన్నట్టు. మరునాడు మళ్ళీ దండెం దగ్గర మొదలు.

తడి ఆరని గుడ్డలు కట్టీ కట్టీ మా ఇద్దరు పిల్లలకీ తొడల సందులు పాచిపోయాయి. చిన్నదానికి మరీ ఎక్కువ. అది పుట్టుకతోనే పిడికెడంత. వాగు పొంగి దారి తెగింది, అస్పతాల్ మాట లేదు. పొడి గుడ్డలు దొరికితే పిల్ల నిలుస్తుంది, లేకపోతే లేదు అని నాయనమ్మ తేల్చి చెప్పింది. అమ్మ తన పెళ్ళి చీర కూడా చింపేసింది. అదీ చాలలేదు.

చివరికి నాయనమ్మ పెద్దకోడల్ని పిలిచింది. "నీ దగ్గర పాత పంచ ఉన్నది గద. ఇయ్యి. పసిగుడ్డు సచ్చిపోతదే."

పెద్దమ్మ పంచ తెచ్చింది. కత్తిపీటతో అంచు కోసి నిలువునా చింపింది. సగం తన భుజం మీద వేసుకొని మిగతా సగం నా మొహాన కొట్టింది.

"తీస్కపో. ఇద్దర్ని కనేటప్పుడు గుడ్డ గూడ చూసుకోవాలె."

ఇంట్లో ఉన్న పాత పంచలన్నీ మిరప మూటలు కట్టినవే. అది ఎవరికీ తట్టలేదు. ఉతికి మడత పెట్టిన తెల్ల పంచ, అంతే. రెండు సగాలూ నా చేతే మళ్ళీ వాగులో ఉతికించారు. బూడిద వేసి బాది, దండెం మీద ఆరబెట్టి, పెద్దమ్మ సగం ఆమెకిచ్చి మాది మేం తెచ్చుకున్నాం. అమ్మ దాన్ని ముక్కలు చేసి ఇద్దరికీ కట్టింది. పొడి గుడ్డ కట్టినందుకు ఆమె మొహంలో ఆ నెలలో మొదటిసారి నవ్వు చూశాను.

పిల్లలు దాన్ని తడిపేదాకానే ఆ నవ్వు.

తమ్ముడు ముందు మొదలుపెట్టాడు. ఆకలి ఏడుపు కాదది, కోడి గొంతు కోస్తున్నప్పటి కేక. వెంటనే చిన్నది. పెంకుల మీద వాన, చెవి పక్కన ఈ ఇద్దరు. ఇంకేమీ వినబడలేదు. అమ్మ గుడ్డలు విప్పింది. పుండ్లు ఉబ్బి ఉడికిన మాంసంలా ఉన్నాయి. గుడ్డను నాలుకకు తాకించుకొని ఉమ్మేసింది.

"మిరప," అన్నది.

తర్వాత నేను చూసింది ఇది. అమ్మ మూలనున్న బట్టలు బాదే కట్టె తీసుకొని గడప దాటింది. అదే సమయంలో పెద్దమ్మ గది తలుపు బద్దలయ్యేటట్టు తెరుచుకుంది. పెద్దమ్మ చేతిలో అప్పటికే రోకలి ఉంది. అది నేను ఎన్నటికీ మరిచిపోలేదు. తప్పు చేయని మనిషి ముందే రోకలి పట్టుకొని ఎందుకు సిద్ధంగా ఉంటుంది?

"నా బిడ్డను చంపుదామనుకున్నవానే," అని అమ్మ అరిచింది.

"నా బిడ్డను చంపుదామనుకున్నవానే," అని పెద్దమ్మ కూడా అరిచింది.

అమ్మ మాటనే తిప్పి వెక్కిరిస్తున్నదనుకున్నాను. పసిపిల్ల ప్రాణం పోతుంటే వెక్కిరించే మనిషి అనుకున్నాను.

రోకలి అమ్మ భుజానికి తగిలింది. అమ్మ పడలేదు. కట్టె ఎత్తి పెద్దమ్మ మణికట్టు మీద కొట్టింది, మళ్ళీ అక్కడే కొట్టింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. పొలం నుంచి పరుగెత్తుకొచ్చిన పెద్దనాయన ఏమైందని అడగలేదు. ముల్లుగర్రతో మా నాయన మొహం మీద కొట్టాడు. నాయన పన్ను ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. నాయన గొడ్డలి అందుకున్నాడు. తిరగేసి పట్టుకున్నాడు గానీ గొడ్డలి గొడ్డలే. అడ్డం వచ్చిన నాయనమ్మ నుదురు పగిలింది. ఆవిడ కూలబడి, కారుతున్న రక్తం చీర కొంగుతో అద్దుకుంటూ, "పిల్లలను కడగండి, ముందు పిల్లలను కడగండి," అంటూనే ఉంది. ఎవరూ వినలేదు. నేనే ఇద్దర్నీ చెరొక చంకన వేసుకొని చూరు నీళ్ళ కింద కూర్చున్నాను.

చిన్నది జ్వరం పట్టి, వాగు తగ్గకముందే పోయింది. మా చేను గట్టున పూడ్చిపెట్టారు. తమ్ముడు బతికాడు.

పంచాయితీ జరిగింది. అమ్మ గుండెలు బాదుకొని చెప్పింది, పెద్దమ్మ గుడ్డకు మిరప రాసి ఇచ్చిందని. పెద్దమ్మ విరిగిన చెయ్యి మెడకు వేలాడదీసుకొని తల వంచుకొని కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. నేరం లేకపోతే మాట్లాడేది కదా అని ఊరంతా అన్నది. ఇల్లు నడిమధ్యన గోడ లేచింది. దండెం కూడా నరికి చెరి సగం పంచుకున్నారు.

ఆ రోజు నుంచి అమ్మకు ఒక అలవాటు వచ్చింది. తమ్ముడికి కట్టబోయే ప్రతి గుడ్డనూ ముందు తన పెదవికి అద్దుకొని చూసేది. చేతికి తెలియని తడి పెదవికి తెలుస్తుంది. మంట కూడా తెలుస్తుంది. నాకూ అదే నేర్పింది. నా పిల్లలకూ మనవలకూ గుడ్డ కట్టిన ప్రతిసారీ అలాగే చేశాను, ప్రతిసారీ చిన్నది గుర్తొచ్చింది, ప్రతిసారీ గోడకు అవతల ఉన్న మనిషిని తిట్టుకున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, దినాల్లో చెప్పాను. విసుక్కున్నవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అమ్మ పోయేటప్పుడు కూడా అదే మాట, "అది నా పిల్లను చంపింది, మరువకు." నేను మరువలేదు.

సుక్మాలో ఆ బకెట్ ముందు కూర్చొని కోడలికి నాయనమ్మ మాటలన్నీ అప్పజెప్పాను. చుట్ట చురక ఒక్కటి వదిలేశాను.

"ఇది నల్ల దారం, పెద్దోడిది. ఇది చిన్నోడిది. ఇద్దరికీ ఒక్కసారే మార్చాలె. అరే, అట్ల బిగించకు, కడుపు ఊపిరాడాలె."

"పెద్దత్తమ్మా, డైపర్ అయితే రాత్రి నిద్ర పట్టేది," అన్నది కోడలు, ఆవలిస్తూ.

"పుండ్లు మానినంక పెట్టుకో, ఎవరొద్దన్నరు. తడిసిన డైపర్‌ను పొద్దున దాక ఉంచితే అది కూడ తడి గుడ్డనే."

గుడ్డలు ఇంకా కావాలన్నాను. పాతవి, మెత్తనివి. చెల్లెలు పెట్టె తెరిచి ఒక తెల్ల పంచ తీసింది.

"ఇది సరిపోతదా అక్కా? మొన్న మీ మరిది మిరపకాయ మూట కట్టి తెచ్చిండు గానీ, మెషీన్‌ల రెండు మూడు సార్లు తిప్పిన. మల్లెపువ్వులెక్క ఉన్నది."

నేను నోరు తెరవబోయాను. అంతకంటే ముందు మూల నుంచి గొంతు వచ్చింది.

"అది వద్దు. నీళ్ళతో పోదది. నిన్ను గూడ అట్లనే కాల్చింది."

చెల్లెలు తిరిగి చూసింది. "నన్నా? నన్నెప్పుడు కాల్చిందే?"

పెద్దమ్మ చెల్లెలి వైపు కాక నా వైపు తిరిగింది. ఆనని కళ్ళు నన్ను వెతుకుతున్నాయి. "రెండు సగాలు ఒక్క పంచయే గద. ఒక సగం మీకిచ్చిన, ఒక సగం నా పిల్లకు కట్టిన. నా పిల్ల గూడ గట్లనే మొత్తుకున్నది. ఉతికినదానివి నువ్వు. మీ అమ్మ నీతో రాయించిందనుకున్న."

నా చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి. ఆ రోకలి ముందే ఆమె చేతిలో ఎందుకున్నదో, ఆ మాట ఇద్దరి నోటా ఒకేలా ఎందుకు వచ్చిందో, ఇన్నేళ్ళు మోసుకు తిరిగిన నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైన వెంటనే ఇంకో కోపం లేచింది.

"మరి ఎవరూ రాయలేదని ఎప్పుడు తెలిసింది నీకు?"

"మరుసటేడు. ఆ పంచదే పేలిక మిగిలితే ఎండల మొహం తుడుసుకున్న. కళ్ళు కాలినయ్."

"అప్పుడు మా అమ్మ బతికే ఉన్నది."

"ఉన్నది."

"గోడ అవతలనే ఉన్నది. ఒక్క కేకేస్తే వినబడేది."

"ఏమని చెప్పాలె? పిల్ల పోయినంక, నేనిచ్చిన గుడ్డనే గద." వంకర మణికట్టును రెండో చేత్తో నిమురుకున్నది. "చెయ్యి ఇరిగింది, సరిపాయె అనుకున్న."

"నీకు సరిపోయింది. మా అమ్మకు సరిపోలేదు. నువ్వు చంపినవనుకుంటనే పోయింది ఆమె."

పెద్దమ్మ తల వంచుకుంది. పంచాయితీలో కూర్చున్నట్టే కూర్చుంది. కోడలు ఇద్దరు పిల్లల్నీ చెరొక భుజాన వేసుకొని బిత్తరపోయి చూస్తోంది. నేను అక్కడితో వదలలేదు. వదిలే మనిషిని కాదు.

"కుక్క ఈనినట్టు అన్నవ్. అది యాదుందా?"

"యాదున్నది."

"మరి ఇద్దర్ని కన్న ఈ కోడలు పిల్లను ఏమంటవ్?"

ఆమె కోడలి వైపు తిరిగింది. తర్వాత నా వైపు చెయ్యి చాపింది. నా పక్కన దండెం మీద నుంచి తీసి పెట్టిన గుడ్డల కోసమని అర్థమై, చేతులు తుడుచుకొని ఒకటి ఇచ్చాను. పెద్దమ్మ దాన్ని విప్పి పెదవికి అద్దుకొని చూసింది, పక్కన పెట్టింది. ఇంకోటి ఇచ్చాను. దాన్నీ అద్దుకొని చూసింది. అది ఎవరో నేర్పితే వచ్చిన అలవాటులా లేదు. గోడకు ఇవతల మా అమ్మ, అవతల ఈమె, ఇద్దరూ ఒకే రోజు నుంచి అదే పని చేస్తూ వచ్చారన్నమాట. ఒకరికొకరు కనబడకుండా.

మూడో గుడ్డ వెనక్కి ఇచ్చింది. "తడి ఉన్నది," అన్నది.

నేను పెదవికి అద్దుకొని చూశాను. నిజమే, తడి ఉంది. మళ్ళీ ఎండలో వేశాను.

సాయంత్రం బస్సులో కూర్చొని అమ్మకు చెప్పాల్సినవన్నీ మనసులోనే చెప్పాను. మిరప సంగతి మాఫీ చేశానని చెప్పాను. ఇన్నేళ్ళ ఆ మౌనాన్ని మాత్రం మాఫీ చేయలేదని చెప్పాను. కుక్క మాటను ఆమె ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. పిల్లల పుండ్లు మానేదాకా నేను సుక్మాకు వెళ్తూనే ఉండాలి. వెళ్ళిన ప్రతిసారీ గుడ్డలు ఆమె చేతికిస్తాను, ప్రతిసారీ ఆ కుక్క మాట అడుగుతాను.